ఇసుకలో కట్టి నీళ్లలో నడపాలి

భోగాపురం నుంచి ముక్కాం వైపు దిగితే జీడితోటలు, సరుగుడు తోపులు దాటగానే సముద్రం. పోయిన వేసవిలో అక్కడ ఒక ఫైబర్ తెప్పను ఒడ్డుకు లాగి దుంగల మీద నిలబెట్టారు. వేటకు వెళ్లిన ప్రతిసారీ అందులోకి నీరు ఊరుతోంది. ఎక్కడినుంచో తెలియడం లేదు. కుర్రాళ్లు నలుగురు దాని చుట్టూ తిరుగుతూ ఇక్కడ తట్టి, అక్కడ గీకి, తలా ఒక చోటు చూపించి వాదించుకుంటున్నారు. ఒక పెద్దాయన వచ్చి కాసేపు చూసి, "లోపల నీలు పొయ్యండ్రా" అన్నాడు. బిందెలతో సముద్రపు నీళ్లు తెచ్చి తెప్పలో పోశారు. అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత అడుగున, వెనకవైపు, నలుగురిలో ఒక్కరూ వేలు పెట్టని చోట సన్నని తడి గీత తేలింది. "మనం కొట్టుకోడమెందుకు బాబూ, నీరే సెప్తాది" అన్నాడాయన, అక్కడ బొగ్గుముక్కతో గుర్తు పెడుతూ.

ఆదివారాలు మా ఇంటి మేడ మీద నలుగురైదుగురు ఇంజనీరింగ్ పిల్లలకు నేను చెప్పాలని చూస్తున్నది సరిగ్గా ఇదే. తెప్పను కట్టేది ఇసుకలో, నడవాల్సింది నీళ్లలో. ఈ తేడా ముందే మనసులో పెట్టుకుని కట్టాలి. నీరు ఊరినప్పుడు వాదించుకోకుండా, ఎక్కడ ఊరుతోందో నీటి చేతే చెప్పించాలి. ఈ రెండూ పట్టుబడితే ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా మనిషి నిలబడతాడు. నేను వీటిని కంప్యూటర్ దగ్గర నేర్చుకున్నాను కాబట్టి అక్కడినుంచే చెబుతాను.

మేం మేడ మీద ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను విప్పుతాం, కడతాం, పడగొడతాం, మళ్లీ లేపుతాం. దాని పేరు ఎక్స్‌వీ6. 1975లో వచ్చిన యూనిక్స్ ఆరో కూర్పును ఆధారం చేసుకుని, అమెరికాలోని ఎంఐటీ అధ్యాపకులు 2006లో పాఠం చెప్పడం కోసం రాసుకున్నారు. సోర్సు అంతా తెరిచే ఉంటుంది, ఎవరైనా చదవచ్చు, మార్చుకోవచ్చు. 2019 నుంచి అది రిస్క్‌-ఫైవ్ అనే ప్రాసెసర్ మీద నడుస్తోంది. మా పిల్లల ల్యాప్‌టాప్‌లలో ఉన్నది ఇంటెల్ చిప్పు. అంటే ఈ చిప్పు మీద కూర్చుని, ఇంకో చిప్పుకు అర్థమయ్యే భాషలో ప్రోగ్రాం తయారుచెయ్యాలి. దీన్నే క్రాస్ కంపైలింగ్ అంటారు. ప్రోగ్రాం తయారయ్యే యంత్రం హోస్ట్, అది నడవాల్సిన యంత్రం టార్గెట్.

మొదటి ఆదివారం ఎవరో ఒకరు తప్పకుండా ఈ పని చేస్తారు. కంపైల్ అయిన ఫైలును తెచ్చి తమ ల్యాప్‌టాప్ మీదే నడిపి చూస్తారు. "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని వస్తుంది. "పాడైపోయింది మాస్టారూ" అంటారు. ఏమీ పాడవలేదు. ఫైల్ అనే కమాండుతో అడిగితే అది రిస్క్‌-ఫైవ్ ప్రోగ్రామని నిక్షేపంగా చెబుతుంది. ఫైలు మంచిదే, చిప్పూ మంచిదే, ఒకరి భాష ఒకరికి రాదు, అంతే. అదే ఫైలును టార్గెట్ మీద పెడితే చక్కగా నడుస్తుంది.

మన జిల్లాల పిల్లలు చెన్నైకో బెంగళూరుకో వెళ్లి మొదటి ఇంటర్వ్యూలో తడబడి వచ్చినప్పుడు సరిగ్గా ఈ మాటే అంటారు. "నేను పనికిరాను." అలా అనుకునే ముందు ఫైల్ కమాండు వేసి చూసుకోండి. మీరు దేనికోసం తయారయ్యారు? పరీక్ష పేపరు కోసం తయారై, ఎదురుగా కూర్చున్న మనిషికి వివరించాల్సిన చోట నిలబడ్డారేమో. తెలుగులో ఆలోచించి అర్థం చేసుకున్నదాన్ని, ఒక్కసారైనా గట్టిగా ఇంగ్లీషులో చెప్పి చూసుకోకుండా అక్కడికి వెళ్లారేమో. ఇది తెలివి తక్కువై జరిగింది కాదు. టార్గెట్ ఏమిటో కనుక్కోకుండా కట్టడం వల్ల జరిగింది. కనుక్కుని మళ్లీ కట్టుకోవచ్చు.

టార్గెట్‌ను గౌరవించడమంటే ఏమిటో చూపిన మనిషి మన పక్కనే పుట్టాడు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి గారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, కొండల్లోని సవరలకు చదువు చెప్పాలనుకున్నారు. తెలుగు వాచకాలు పట్టుకెళ్లి వాళ్ల ముందు పెట్టి ఊరుకోలేదు. ముందు వాళ్ల భాష తాను నేర్చుకున్నారు. ఆ ధ్వనులకు రాత కుదుర్చుకున్నారు, మాటలు పోగుచేశారు, ఆ భాషలోనే పాఠపుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణగా వచ్చింది. పుస్తకం తన ఇంట్లో రాసినా అది చదవబడేది కొండమీది పిల్లవాడి చేతిలో అన్న సంగతి ఆయన ఒక్కరోజూ మరవలేదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ మనం ఆయన వాడుకభాష ఉద్యమాన్ని తలుచుకుంటాం. నాకు మాత్రం ఆయన సవర పనే ఇంకా పెద్దదనిపిస్తుంది.

గిడుగు వారి పని క్రమం గమనించండి. ముందు పనిముట్లు, తర్వాత పని. నెట్‌బీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా వ్యవస్థ కూడా ఇలాగే తయారవుతుంది. దాన్ని కట్టమని ఆజ్ఞ ఇస్తే, అది మీ కంప్యూటర్లో అప్పటికే ఉన్న కంపైలర్‌ను నమ్ముకుని వెంటనే పనిలోకి దిగదు. ఆ కంపైలర్‌తో ముందు తన టార్గెట్‌కు సరిపడే సొంత కంపైలర్‌ను, లింకర్‌ను తయారుచేసుకుంటుంది. వాటితోనే అసలు వ్యవస్థను కడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో ఈ మొదటి దశకే గంటలు పడుతుంది, చివరికి చూపించుకోవడానికి తెర మీద ఏమీ ఉండదు. మా పిల్లలకు విసుగొచ్చేది అక్కడే. మీరు కొత్త పని మొదలుపెట్టిన తొలి నెల కూడా ఇలాగే గడుస్తుంది. మాన్యువల్ చదవడం, కమాండ్‌లైన్‌కు వేళ్లు అలవాటు చేసుకోవడం, నాలుగు వాక్యాల మెయిలు తప్పుల్లేకుండా రాయడం. "ఏం సాధించావు?" అని ఇంట్లో అడిగితే చూపడానికి ఏమీ ఉండదు. ఆ నెలను దొంగిలించి ముందుకు దూకకండి. దూకినవాళ్లు ఆరో నెలలో వెనక్కి రావడం చాలాసార్లు చూశాను.

మంచి కంప్యూటర్ లేదు, మా ఊళ్లో వసతి లేదు అనేవాళ్లకు ఒక సంగతి. యూనిక్స్ పుట్టింది కూడా ఇంకో యంత్రం మీదే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్‌కు దొరికింది పీడీపీ-7 అనే, అప్పటికే పాతబడిన చిన్న యంత్రం. దాని మీద వసతులు చాలా తక్కువ. అక్కడున్న జీఈ-635 అనే పెద్ద యంత్రం మీద ప్రోగ్రాం తయారుచేసి, కాగితపు టేపు మీద రంధ్రాలుగా దించి, ఆ చుట్టను మోసుకొచ్చి పీడీపీ-7కు తినిపించేవాడు. ఆ వేసవిలో భార్య పసిబిడ్డను తీసుకుని మూడు వారాలు ఊరు వెళితే, వారానికొకటి చొప్పున ఎడిటరు, అసెంబ్లరు, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌లో మిగిలిన భాగం పూర్తిచేశాడు. సొంత అసెంబ్లర్ వచ్చాక పీడీపీ-7 తన కాళ్లమీద తాను నిలబడింది, టేపు మోయడం ఆగింది. అరువు యంత్రం మీద మొదలుపెట్టడంలో చిన్నతనమేమీ లేదు. పక్కింటి అన్నయ్య ల్యాప్‌టాప్ రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగా ఉంటుందా? అడగండి.

ఇక పడిపోవడం గురించి. ఇక్కడ కాస్త నిదానిస్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

మా ఊరి పక్కన అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగినప్పటినుంచి మేడ మీద పిల్లలకు విమానాల మీద ధ్యాస. పైలట్లు సిమ్యులేటర్‌లో నేర్చుకుంటారని వాళ్లకు తెలుసు. మేం చేసేదీ అదే. రిస్క్‌-ఫైవ్ బోర్డు అందరికీ కొనలేం కాబట్టి, ఆ యంత్రంలా నటించే క్యూఎము అనే ప్రోగ్రాంలో ఎక్స్‌వీ6ను నడుపుతాం. అయితే నటించే యంత్రానికి, అసలు యంత్రానికి మధ్య ఏదో ఒక తేడా ఎప్పుడూ మిగిలే ఉంటుంది. ఆ తేడా ఒక మనిషిని ఎంత దూరం తీసుకెళ్లిందో ఆండ్రూ టానెన్‌బామ్ స్వయంగా రాశారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రొఫెసరైన ఆయన 1980ల నడుమ మినిక్స్ అనే యూనిక్స్ తరహా వ్యవస్థ రాస్తున్నారు. విద్యార్థులు చదువుకోవడానికి పనికొచ్చేలా, సోర్సుతో సహా. 8088 చిప్పులా నటించే సిమ్యులేటర్ రాసుకుని దాని మీద సరిచూసుకున్నారు. అందులో బాగా నడిచింది. అసలు పీసీ మీద పెడితే కొంతసేపు నడిచి, కారణం లేకుండా కూలిపోయేది. సిమ్యులేటర్‌లో మాత్రం ఎన్నిసార్లు నడిపినా తప్పు దొరికేది కాదు. చివరికి వదిలేద్దామనుకునే దశకు వచ్చారు. అప్పుడు రాబర్ట్ వాన్ రెనెస్సె అనే విద్యార్థి, చిప్పు బాగా వేడెక్కితే 15వ నంబరు ఇంటరప్ట్ (చేస్తున్న పనిని నడుమ ఆపే సంకేతం) ఇస్తుందని ఎవరో అనగా విన్నానన్నాడు. మాన్యువల్లో అలాంటిదేమీ లేదన్నారు గురువు. శిష్యుడు వదల్లేదు. సరేనని, ఆ ఇంటరప్ట్ వస్తే తెర మీద ఒక సందేశం కనిపించేలా చిన్న కోడు చేర్చారు, అది ఎన్నటికీ కనిపించదన్న నమ్మకంతోనే. గంటలోపే అది కనిపించింది. సిమ్యులేటర్‌కు వేడెక్కడం తెలియదు, అందుకే అది ఈ సంగతి చెప్పలేకపోయింది. దిద్దుబాటు చేశారు. 1987లో మినిక్స్, దాని పుస్తకం బయటికొచ్చాయి.

ఈ కథలో నాకు ఇష్టమైనది ప్రొఫెసర్ గారి ఓర్పు. పుస్తకంలో లేని మాట, అదీ విన్నమాట, అదీ శిష్యుడి నోట వచ్చినప్పుడు, కాదంటూనే పరీక్షించి చూశారు. ఇంకొకటి కూడా ఉంది. తన పని ఆగిపోయిందని ఆయన తన దగ్గర చదువుకునే కుర్రాడికి చెప్పుకున్నారు. మన దగ్గర ఎంతమంది అలా చెప్పుకుంటారు? ప్రాజెక్టు ఆగిపోతే తలుపు మూసుకుని కూర్చుంటాం. తలుపు మూస్తే రాబర్ట్ లోపలికి రాలేడు.

నాకూ ఒకసారి ఇలాంటిదే అయింది. ఒక చిన్న బోర్డు మీద కెర్నల్ ఎక్కిస్తే, ఎప్పుడు పడితే అప్పుడు తనంతట తాను మళ్లీ మొదలయ్యేది. రెండు వారాంతాలు కోడులో వెతికాను. ఇంటర్ చదివే మా మేనల్లుడు వచ్చి, "మావయ్యా, ఆ ఛార్జర్ తీగ అంత వేడిగా ఉందేటి?" అన్నాడు. పాత ఫోను ఛార్జర్ అది. బోర్డు అడిగినంత కరెంటు ఇవ్వలేకపోతోంది. నేను కోడు చదవడంలో మునిగిపోయి తీగను ముట్టుకోనేలేదు. అప్పటినుంచి ఏది ఆగిపోయినా ముందు చేత్తో తాకి చూడగలిగినవన్నీ తాకి చూస్తాను.

ఎక్స్‌వీ6 కూలిపోయేటప్పుడు తెర మీద "ప్యానిక్" అని పడుతుంది. ఆ మాట చూడగానే పిల్లల ముఖం మారిపోతుంది, చెయ్యి ల్యాప్‌టాప్ మూత వెయ్యడానికి పోతుంది. ఆపి, దాని పైన ఉన్న వరుస చదవమంటాను. చాలాసార్లు అక్కడ మూడు అంకెలుంటాయి. ఎస్‌కాజ్, ఎస్ఈపీసీ, ఎస్‌టీవాల్. మొదటిది ఎందుకు పడ్డాననేది చెబుతుంది. 13 అయితే, లేని చోటు నుంచి ఏదో చదవబోయిందని అర్థం. రెండోది ఎక్కడ పడ్డాననేది. ఆ అంకెను యాడర్‌2లైన్ అనే పరికరానికిస్తే ఫలానా ఫైలు, ఫలానా వరుస అని వేలు పెట్టి చూపిస్తుంది. మూడోది దేన్ని ముట్టుకోబోయి పడ్డాననేది. అది సున్నా అయితే, ఖాళీ పాయింటర్‌ను ఎక్కడో నింపడం మరిచారన్నమాట. ప్రాణం పోతూ కూడా ఆ యంత్రం ఇంత వివరంగా వాంగ్మూలం ఇస్తుంటే, మూత వేసి పడుకోవడం ఎంత అన్యాయం!

మా దగ్గరికి వచ్చే ఒకమ్మాయి దీన్ని తన నోట్సులోకి ఎక్కించుకుంది. హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూ పోయిన రోజు రాత్రి, బస్సులోనే మూడు వరుసలు రాసింది. ఎందుకు: చెప్పలేక ఆగిపోయాను. ఎక్కడ: రెండో రౌండులో, ప్రాజెక్టు గురించి అడిగినప్పుడు. దేని దగ్గర: "మరి ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నావు?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర. "నాకు ఇంగ్లీషు రాదు" అని రాయలేదు చూడండి, "నాకు అదృష్టం లేదు" అనీ రాయలేదు. ఆ రెండూ ప్యానిక్ అనే మాటలాంటివి, వాటితో ఏ వరుసకూ చేరలేం. ఆ అమ్మాయికి మాత్రం వరుస నంబరు దొరికింది. రెండు వారాలు తన ప్రాజెక్టులో ప్రతి నిర్ణయానికీ "ఎందుకు" అని ఒక వాక్యం రాసుకుంది. మీరూ ఓడిపోయిన రోజు రాత్రే, గుర్తు చెరిగిపోకముందే, ఈ మూడూ రాయండి. తెల్లారితే మనసు తనకు అనువైన కథ అల్లేసుకుంటుంది.

తప్పు ఎక్కడుందో ఆనవాలే దొరకనప్పుడు సగం చెయ్యండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక మన జిల్లాల్లో కరెంటు లైన్‌మన్లు చేసిన పని గుర్తుందా? స్తంభం స్తంభం వెతుక్కుంటూ పోతే కాలం చాలదు. లైనును నడుమ విడదీసి, ఈ సగం బాగుంటే తప్పు ఆ సగంలో ఉందని తేల్చుకుని, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోవాలి. గిట్ బైసెక్ట్ అనే పరికరం ఇదే చేస్తుంది. కిందటి నెల నడిచిన కెర్నల్ ఇవాళ నడవడం లేదు, నడుమ వెయ్యి మార్పులు జరిగాయి అనుకోండి. పది పరీక్షల్లో దోషి అయిన ఒక్క మార్పు బయటపడుతుంది. చదువులో వెనకబడ్డానని దిగులుపడే పిల్లలకూ ఇదే చెబుతాను. ఏ తరగతి వరకు లెక్కలు బాగా వచ్చేవి? తొమ్మిదిలో బాగానే ఉందా? ఇంటర్ మొదటి ఏడాదిలో? అలా వెతికితే ఎక్కడో ఒక అధ్యాయం దగ్గర, ఒక జ్వరం పడిన నెల దగ్గర తేలుతుంది. ఆ నెల పాఠాలు దిద్దుకుంటే చాలు, పదేళ్ల చదువునూ తిట్టుకోనక్కర్లేదు.

తెలుగువాళ్లం కాబట్టి ఇంకొక సంగతి చెప్పుకోవాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే అక్షరం ఐఫోన్లను కూల్చింది. ఐఫోన్ లోపలున్నదీ యూనిక్స్ వంశమే, దాని పునాది అయిన డార్విన్ సోర్సు ఎవరైనా చదువుకోవచ్చు. తప్పు ఆ పునాదిలో లేదు, దానిమీద అక్షరాలను గీసే భాగంలో ఉంది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, ఆ తర్వాత దీర్ఘం. ఈ అయిదూ ఆ వరుసలో వస్తే సందేశం తెరిచిన యాప్ పడిపోయేది. లోకమంతా "తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది" అని గోల పెట్టింది. మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామర్ మాత్రం దాన్ని ఓపికగా విప్పి, ఒక్కో గుర్తు తీసిచూసి, మార్చిచూసి, అదే ఆకారంలోని తప్పు బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఉందని చూపించాడు. ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో దిద్దుబాటు వచ్చింది. మన అక్షరం చేసిన నేరమేమీ లేదు. జ్ఞానంలోని అక్షరాన్ని ఇలాంటి వరుసలోనూ పెట్టి చూడాలని కట్టినవాళ్లకు తోచలేదు. మనం రంగంలోకి దిగాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మన లిపి, మన వాడుక, మన అవసరం మీద పెట్టి పరీక్షించే చేతులు మనవే కావాలి. 2018లోనే ఐఐటీ మద్రాసు వాళ్ల శక్తి అనే రిస్క్‌-ఫైవ్ ప్రాసెసర్ మీద లైనక్స్ లేచింది. మేడ మీద పిల్లలు నేర్చుకుంటున్నదీ ఆ కుటుంబం భాషే. టార్గెట్ ఎక్కడో సముద్రాల అవతల ఉంటుందనుకోనక్కర్లేదు.

వెనకాల దారి తెగిపోయినా భయపడకండి. లినస్ టోర్వాల్డ్స్ 1991లో హెల్సింకిలో లైనక్స్ రాస్తున్నప్పుడు మినిక్సే అతని హోస్ట్. ఒకరోజు మోడెమ్‌కు పంపాల్సిన డయలింగ్ ఆజ్ఞను పొరపాటున హార్డ్‌డిస్క్‌కు పంపాడు. మినిక్స్ ఉన్న భాగం చెడిపోయింది. మళ్లీ ఎక్కించుకోవచ్చు. కానీ తాను రాసినది అప్పటికే తన కాళ్లమీద నిలబడగలదని చూసుకుని, ఇక దానిమీదే ఉండిపోయాడు. ఆ ఏడాది చివరికి లైనక్స్ తనను తాను కంపైల్ చేసుకుంది. మీకు ఊతంగా ఉన్నది ఏదైనా పోయినప్పుడు, దాన్ని తిరిగి తెచ్చుకోవాలని పరిగెత్తే ముందు, మీరు అప్పటికే ఎంత కట్టుకున్నారో ఒకసారి నిలబడి చూసుకోండి.

కిందటి ఆదివారం ఆ అమ్మాయి తాను కొత్తగా రాసిన సిస్టమ్ కాల్‌ను నడిపింది. ప్యానిక్. అంకెలు రాసుకుంది, వరుస వెతికింది, దిద్దింది, మళ్లీ కట్టింది. మళ్లీ ప్యానిక్. నేను దగ్గరికి వెళ్లబోతే చెయ్యెత్తి ఆపి, తెర మీది అంకెను నోట్సులోని అంకెతో పోల్చి చూసుకుంది.

"మాస్టారూ, ఇది అది కాదు. కొత్తది! పాతచోటు దాటేసింది."

కింద రోడ్డు మీద వాళ్ల నాన్న బండి హారన్ మోగింది. "ఒక్క పది నిమిషాలు నాన్నా" అని గోడ మీంచి కేకేసి వచ్చి, నోట్సులో కొత్త పేజీ తిప్పి మూడు అంకెలూ రాయడం మొదలుపెట్టింది.